పేరెంట్’స్ కాదు, పేరెంట్స్’

బెంగళూరులో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్ళు పండక్కి ముందు పెట్టే సెలవు మెయిల్‌లో తప్పకుండా ఉండే వాక్యం ఒకటుంది: ఐ యామ్ గోయింగ్ టు మై పేరెంట్స్ హౌస్. ఇందులో అపాస్ట్రఫీ, అంటే ఎవరిదో చెప్పడానికి పెట్టే ’ గుర్తు, ఎక్కడ పెట్టాలి? చాలామంది స్ ముందు పెట్టి, పేరెంట్’స్ హౌస్ అని పంపేస్తారు. అంటే అమ్మానాన్నల్లో ఒక్కరి ఇంటికే వెళ్తున్నట్టు అర్థం. మేనేజర్ అదేం పట్టించుకోడు, సెలవు ఇచ్చేస్తాడు. కానీ క్లయింట్‌కి పంపే డాక్యుమెంట్‌లో యూజర్’స్ డేటా డిలీట్ చేస్తాం అని రాస్తే, ఒక్క యూజర్‌దా లేక అందరిదా అని అవతలివాళ్ళు అడగడం న్యాయమే.

ఇంగ్లిష్ పదాల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, కాబట్టి అపాస్ట్రఫీ చివరి స్‌కి ముందుందా, తర్వాతుందా అన్నది చూసుకుంటూ చదవండి, మొత్తం కథ అక్కడే ఉంది. చెవిని నమ్ముకుంటే లాభం లేదు. బాయ్స్, బాయ్’స్, బాయ్స్’ మూడూ పలకడానికి ఒకటే, అందుకే గడగడా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు కూడా రాసేటప్పుడు ఇక్కడ ఆగిపోతారు.

పద్ధతి ఏంటంటే, ముందు బహువచనం పూర్తిగా రాసేయండి. అది ఎవరిది అన్న సంగతి ఆ తర్వాతే. రాసిన బహువచనం చివర ఎస్ ఉంటే దాని పక్కన అపాస్ట్రఫీ పెట్టి వదిలేయండి, ఇంకో ఎస్ అక్కర్లేదు: పేరెంట్స్’ హౌస్, యూజర్స్’ డేటా, బోత్ ఫ్యామిలీస్’ కన్సెంట్. ఎస్ లేకపోతే అపాస్ట్రఫీ పెట్టి ఎస్ చేర్చండి: చిల్డ్రన్’స్ బుక్స్, ఉమెన్’స్ హాస్టల్, పీపుల్’స్ ఒపీనియన్. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ రెండు పనుల్నీ ఒకేసారి చేయబోయినప్పుడు. ఫ్యామిలీ అన్న ఏకవచనానికి అపాస్ట్రఫీ తగిలించేశాక, అయ్యో రెండు ఫ్యామిలీలు కదా అని వెనక్కి వచ్చి స్పెల్లింగ్ దిద్దడం, ఆ దిద్దడంలో వై తీసి ఐ ఈ పెట్టడం మర్చిపోవడం. చిల్డ్రన్స్’ అనీ ఉమెన్స్’ అనీ కూడా కనిపిస్తుంటాయి, అవి ఎప్పుడూ తప్పే, ఎందుకంటే చిల్డ్రన్స్ అనే బహువచనమే లేదు.

అసలు అపాస్ట్రఫీ కావాలా వద్దా అన్నది ఇంకో తలనొప్పి. దీనికి మన తెలుగే సాయం చేస్తుంది. బళ్ళో షష్ఠీ విభక్తి, ‘యొక్క’ అని బట్టీ పట్టాం గానీ మాట్లాడేటప్పుడు ఎవరం ‘యొక్క’ అనం, బహువచనంలో ‘లు’ని ‘ల’ చేసేస్తాం అంతే. పిల్లలు అంటే ఊరికే బహువచనం, పిల్లల బట్టలు అన్నామంటే ఆ బట్టలు వాళ్ళవి. మీరు రాసే ఇంగ్లిష్ ముక్కని మనసులో తెలుగులో అనుకోండి, అక్కడ ‘లు’ వస్తే అపాస్ట్రఫీ వద్దు, ‘ల’ వచ్చి దాని వెనక ఇంకో నామవాచకం ఉంటే అపాస్ట్రఫీ గురించి ఆలోచించండి. ‘గదులు ఖాళీగా ఉన్నాయి’లో ‘లు’ ఉంది, కాబట్టి రూమ్స్ అవైలబుల్. మారతహళ్ళి వైపు పీజీల బోర్డుల మీద ఒక్కోసారి రూమ్’స్ అని కనిపిస్తే, ఆ గదికి చెందినదేంటో ఓనర్‌నే అడగాలి.

ఈ చిట్కా బాగా పనికొచ్చేది కాలం లెక్కల్లో. రెండు రోజుల సెలవు, టూ డేస్’ లీవ్. పది నిమిషాల నడక, టెన్ మినిట్స్’ వాక్. బెంగళూరులో ఇల్లు వెతికిన ప్రతివాళ్ళకీ పరిచయమైన పది నెలల అద్దె అడ్వాన్స్, టెన్ మంత్స్’ రెంట్. ఒక్క నెలదైతే వన్ మంత్’స్ రెంట్. రోజులూ నెలలూ దేన్నైనా సొంతం చేసుకుంటాయా అని అనుమానం రావచ్చు, కానీ తెలుగులో ‘నెలల అద్దె’ అనడానికి మనం ఎప్పుడైనా సందేహించామా? ఇంగ్లిష్‌లోనూ అంతే. ఒక్క జాగ్రత్త: ముందు ‘ఎ’ అనే ఆర్టికల్, వెనక లెక్కపెట్టగలిగే పదం ఉంటే దారి మారుతుంది. నైంటీ డేస్’ నోటీస్ సరైనదే, కానీ ‘నోటీస్ పీరియడ్’ అనాల్సి వస్తే ఎ నైంటీ డే నోటీస్ పీరియడ్ అని, డే ఏకవచనంలో, మధ్యలో హైఫన్‌తో రాయాలి. ఎ టూ డే ట్రిప్ కూడా అంతే. రాజీనామా మెయిల్‌లో ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

తెలుగు చిట్కా బోల్తా పడే చోటు కూడా చెప్పాలి. సమాసం చేస్తే మనం ‘ల’ని మింగేస్తాం. బాలల దినోత్సవంలో ‘ల’ ఉంది కాబట్టి నవంబర్ 14 చిల్డ్రన్’స్ డే అని సులువుగా తేలుతుంది. సెప్టెంబర్ 5ని మాత్రం ఉపాధ్యాయ దినోత్సవం అంటాం, ‘ల’ కనపడదు. విడదీసి ఉపాధ్యాయుల దినోత్సవం అనుకుంటే టీచర్స్’ డే బయటికొస్తుంది. రైతు బజారు కూడా ఈ బాపతే, రైతులందరి బజారు కాబట్టి ఇంగ్లిష్‌లో ఫార్మర్స్’ మార్కెట్. మదర్’స్ డే మాత్రం కావాలనే ఏకవచనం. అమెరికాలో ఆ రోజు కోసం పోరాడిన ఆనా జార్విస్, ఎవరి అమ్మని వాళ్ళు తలుచుకోవాలి గానీ లోకంలోని తల్లులందరినీ కాదని, అపాస్ట్రఫీ ఎస్ ముందే ఉండాలని పట్టుబట్టింది. 1914లో అక్కడ అధికారికంగా ప్రకటించినప్పటి నుంచీ అలాగే నడుస్తోంది.

మీ జీతంలో ప్రతినెలా కోత పడే పీఎఫ్ కూడా ఎంప్లాయీస్’ ప్రావిడెంట్ ఫండ్, 1952 నాటి చట్టం పేరులోనే అపాస్ట్రఫీ ఎస్ తర్వాత ఉంటుంది. ఒక ఉద్యోగి నిధి కాదు, ఉద్యోగుల నిధి. బెంగళూరు మ్యూజియం రోడ్డులోని సెయింట్ జోసెఫ్’స్ బాయ్స్’ హైస్కూల్ పేరులో అయితే రెండు రకాలూ పక్కపక్కనే దొరుకుతాయి, జోసెఫ్ ఒక్కడు, బాయ్స్ చాలామంది. అయితే సంస్థల పేర్లన్నీ ఇలా నియమం ప్రకారం ఉండవు, కొన్ని అపాస్ట్రఫీని పూర్తిగా వదిలేస్తాయి. అమెరికాలో వెటరన్స్ డేకి అపాస్ట్రఫీ లేదు. పేరు ఎలా పెట్టుకుంటే అలాగే రాయండి, మనం దిద్దక్కర్లేదు.

సేల్స్ మేనేజర్, స్పోర్ట్స్ షూస్, సిస్టమ్స్ ఇంజినీర్, వీటికి అపాస్ట్రఫీ అస్సలు వద్దు. అవి ఎవరిదో చెప్పే మాటలు కావు, ఏ రకమో చెప్పేవి. యువర్స్, అవర్స్, దెయిర్స్‌కీ వద్దు. ఈచ్ అదర్’స్ ఎప్పుడూ ఇలాగే, ఎంతమంది ఉన్నా ఎస్ ముందే.

పెళ్ళి సంగతి సరదాగా ఉంటుంది. మై ఫ్రెండ్’స్ వెడ్డింగ్ అంటే ఒక ఫ్రెండ్‌ది. మై ఫ్రెండ్స్’ వెడ్డింగ్ అంటే వధువూ వరుడూ ఇద్దరూ మీ ఫ్రెండ్సే, అలాంటి పెళ్ళికి సెలవు అడిగేటప్పుడు ఈ తేడా వాడుకోండి. రవి అండ్ సీత’స్ ఫ్లాట్ అంటే ఇద్దరికీ కలిపి ఒకటే ఫ్లాట్, చివరి పేరుకి ఒక్క అపాస్ట్రఫీ చాలు. ఎవరి బండి వాళ్ళదైతే రవి’స్ అండ్ సీత’స్ బైక్స్.

అపార్ట్‌మెంట్ తలుపు మీద నేమ్‌ప్లేట్ చేయించేవాళ్ళకి ఒక మాట. కుటుంబం మొత్తం అని చెప్పాలంటే ది రావ్స్, అంతే, అపాస్ట్రఫీ లేదు. వెనక రెసిడెన్స్ అని చేరిస్తేనే ది రావ్స్’ రెసిడెన్స్. రెడ్డి గారైతే ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చకూడదు, చివరి వై అలాగే ఉంచి ఎస్ చేర్చాలి, ఐ ఈ ఎస్ చేయకండి. దాస్ గారి కుటుంబమైతే ముందు దాసెస్ కావాలి, ఆపైన దాసెస్’. చూడ్డానికి వింతగా ఉన్నా అదే సరైనది, కాకపోతే నేమ్‌ప్లేట్ మీద దాస్ ఫ్యామిలీ అని రాయించుకుంటే కళ్ళకి హాయిగా ఉంటుంది.

బావమరుదుల దగ్గరకొస్తే నేను చేతులెత్తేస్తాను. ఇద్దరు బావమరుదుల కార్లు అనాలంటే బ్రదర్స్ ఇన్ లా’స్ కార్స్, బహువచనం ఎస్ బ్రదర్ పక్కన, అపాస్ట్రఫీ ఎస్ చివర్లో లా పక్కన. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ చదివేవాడు ఒప్పుకోడు. ద కార్స్ మై బ్రదర్స్ ఇన్ లా ఓన్ అని వాక్యాన్నే తిప్పి రాసేయండి.