హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు పోయినప్పుడు: లక్షణాన్ని బట్టి వైద్యం

పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ను పట్టుకుని విశాఖపట్నం ద్వారకానగర్‌లోని కంప్యూటర్ దుకాణాలకు వచ్చేవారు సాధారణంగా చెప్పే మాట "మొత్తం పోయిందండీ" అనే. ఆ ఒక్క మాట వెనుక నాలుగైదు వేర్వేరు పరిస్థితులు ఉండవచ్చు. ఒకదానికి పనికివచ్చే మందు మరొకదానికి విషమవుతుంది కాబట్టి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో ఆలోచించే ముందు డిస్క్ ఏ లక్షణం చూపుతోందో గమనించాలి. నేను చూసినంతలో, మొదటి పొరపాటుకు పోయిన ఫైళ్లు చాలావరకు దొరుకుతాయి. దాన్ని సరిదిద్దుకునే తొందరలో చేసిన రెండో పనికి పోయినవి దొరకడం కష్టం.

లక్షణం: ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్లు కనిపిస్తున్నాయి

జిరాక్స్ సెంటర్‌లో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లలో ఇది తరచుగా కనిపిస్తుంది. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడిన స్థలం మునుపటిలాగే ఉంటే ఫైళ్లు ఎక్కడికీ పోలేదని అర్థం. వైరస్ వాటికి హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టి ఉంటుంది. ఆ షార్ట్‌కట్లను నొక్కకుండా, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లను, రక్షిత సిస్టమ్ ఫైళ్లను చూపించే ఏర్పాటు చేసుకుని, మన ఫైళ్లను మాత్రమే మరొకచోటికి కాపీ చేసుకోవాలి. తరువాత యాంటీవైరస్‌తో శుభ్రం చేస్తే సరిపోతుంది.

లక్షణం: డిస్క్ బాగానే ఉంది, డిలీట్ చేసిన ఫైలు కావాలి

రీసైకిల్ బిన్‌లో ముందుగా చూడాలి. అయితే షిఫ్ట్ కీ నొక్కి డిలీట్ చేసినవి, పెన్‌డ్రైవ్ నుంచి తీసేసినవి అక్కడికి చేరవు. అలాంటప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే పరిష్కారం దానంతటదే అర్థమవుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలు వివరమూ ఒక పట్టికలో నమోదై ఉంటుంది. డిలీట్ చేసినప్పుడు ఆ నమోదు ఖాళీ అయినట్లు గుర్తు పడుతుందే తప్ప, ఫైలులోని సమాచారం అప్పటికప్పుడు చెరిగిపోదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బయలుదేరబోయే బస్సు రిజర్వేషన్ చార్టులో పేరు కొట్టేసినా, మరొకరు వచ్చి లేపేదాకా ప్రయాణికుడు సీట్లోనే కూర్చుని ఉన్నట్లు అన్నమాట.

ఆ మరొకరు రాకుండా చూడడమే మన పని. కంప్యూటర్ ఊరికే ఆన్‌లో ఉన్నా విండోస్ తన అప్‌డేట్లు, పేజ్ ఫైలు, బ్రౌజర్ తాత్కాలిక ఫైళ్లు రాస్తూనే ఉంటుంది కనుక, పోయిన ఫైలు సీ డ్రైవ్‌లోదైతే వెంటనే షట్‌డౌన్ చేసి, డిస్క్‌ను విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించడం ఉత్తమం. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లోకి డౌన్‌లోడ్ చేయడం, దొరికిన ఫైళ్లను మళ్లీ అందులోనే భద్రపరచడం చాలామంది చేసే తప్పులు. ఉచితంగా దొరికే వాటిలో రెకువా కొత్తవారికి సులువు. 2020 నుంచి మైక్రోసాఫ్ట్ ఇస్తున్న విండోస్ ఫైల్ రికవరీ కూడా పనిచేస్తుంది గాని, దానికి ఆదేశాలు టైపు చేయాలి.

పట్టికలోని నమోదు కూడా చెరిగిపోయి ఉంటే ఫొటోరెక్ వంటి సాధనం అవసరం. అది పట్టికను పట్టించుకోకుండా డిస్క్ అంతా వెతుకుతూ, ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఉండే ప్రత్యేక గుర్తును బట్టి ఫైళ్లను ఏరుతుంది. ఈ పద్ధతిలో పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. ముక్కలుగా నిల్వ అయిన పెద్ద వీడియోలు సగంలో తెగిపోతాయి. రెండు వేల పెళ్లి ఫొటోలు అంకెల పేర్లతో వచ్చి పడినప్పుడు వాటిని వరుసపెట్టుకోవడానికి ఓపిక ఉండాలి.

క్విక్ ఫార్మాట్ చేసిన డిస్క్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు: విండోస్ విస్టా నుంచి అది డిస్క్ నిండా సున్నాలు రాస్తుంది కనుక ఆశ పెట్టుకోకూడదు. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ విషయంలోనూ అంతే. విండోస్ 7 నుంచి అమలులో ఉన్న ట్రిమ్ అనే ఏర్పాటు, డిలీట్ అయిన భాగాలను ఖాళీ చేసుకోమని ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది. ఆ పని జరిగాక ఏ సాఫ్ట్‌వేరూ చేయగలిగింది ఉండదు. ఫైళ్లు వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో సింక్ అయి ఉంటే, వాటి చెత్తబుట్టలో సాధారణంగా 30 రోజుల వరకు ఉంటాయి కాబట్టి అక్కడ వెతకడం మేలు.

లక్షణం: ఫైలు దొరికింది, తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు

డీటీపీ చేసేవారు ఇక్కడ అనవసరంగా కంగారు పడుతుంటారు. 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లతో కొట్టిన పత్రం, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లో ఉండదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు రూపాలను అమర్చుతాయి. అందువల్ల ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిచిన శుభలేఖ, ఎంత క్షేమంగా ఉన్నా, చెడిపోయినట్లే కనిపిస్తుంది. పత్రం తయారైన వర్షన్‌కు చెందిన ఫాంట్లను ఇన్‌స్టాల్ చేసి చూసేవరకు ఆ ఫైలును డిలీట్ చేయవద్దు, మార్పులు చేసి సేవ్ చేయవద్దు.

లక్షణం: తగిలించగానే ఫార్మాట్ చేయమని అడుగుతోంది

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "రా" (RAW) అని కనిపించే పరిస్థితి ఇది. ఇజెక్ట్ చేయకుండా లాగేసినా, రాస్తుండగా కరెంటు పోయినా, డిస్క్‌లో చదవడానికి వీలుకాని చెడ్డ సెక్టార్లు పెరిగినా, పార్టిషన్ మొదట్లో దాని వివరాలుండే బూట్ సెక్టార్ లేదా ఫైళ్ల పట్టిక దెబ్బతిని ఇలా అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత రోజుల తరబడి కరెంటు లేక జనరేటర్లతో నెట్టుకొచ్చినవారికి, వచ్చీ పోయే కరెంటు డిస్క్‌కు ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు.

ఫార్మాట్‌కు ఒప్పుకోకూడదు. విండోస్‌లోని మరమ్మతు సాధనం చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే నడపకూడదు. దాని ధ్యేయం పట్టికను పొందికగా చేయడం కనుక, ఆ క్రమంలో మన ఫైళ్ల నమోదులను తొలగించవచ్చు. ముందుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో డిస్క్ ఆరోగ్యం చూడాలి. 05, సీ5, సీ6 అనే వరుసల్లో 'రా వాల్యూస్' (Raw Values) గడిలో సున్నా కాని విలువలుంటే డిస్క్ ఉపరితలం దెబ్బతింటున్నట్లే. అప్పుడు లినక్స్‌లోని డీడీరెస్క్యూతో మరో డిస్క్‌లోకి నకలు తీయాలి. అది ముందు బాగున్న భాగాలను చదివి, మొరాయించే చోట్లను చివరికి వదిలిపెడుతుంది. మధ్యలో ఆగినా ఆగిన చోటునుంచి కొనసాగుతుంది. బూట్ సెక్టార్‌ను, పట్టికను బాగుచేసే టెస్ట్‌డిస్క్‌ను ఆ నకలు మీదనే నడపాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్ ప్రతిని పార్టిషన్ చివర దాచుకుంటుంది కాబట్టి, అసలుది చెడినా దాని సాయంతో తరచుగా పునరుద్ధరించవచ్చు. సమాచారాన్ని తాళం వేసి దాచే బిట్‌లాకర్ పెట్టిన డిస్క్ అయితే 48 అంకెల రికవరీ కీ లేనిదే నకలు కూడా నిరుపయోగమే. ఆ కీ కోసం మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూడాలి.

లక్షణం: టక్ టక్ శబ్దం, లేదా డిస్క్ అసలు తిరగడం లేదు

టక్ టక్ శబ్దం ఎక్కువగా, సమాచారం చదివే హెడ్ దెబ్బతిన్నదానికి గుర్తు. తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో కదిలే హెడ్ దెబ్బతింటే, ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం మీద గీతలు పడే ప్రమాదం ఉంది. వెంటనే ఆపేయాలి. మూత విప్పకూడదు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న పాత చిట్కా ఎక్కడా మంచిది కాదు. గాలిలో ఇంత తేమ ఉండే విశాఖలో, బయటికి తీసిన చల్లటి డిస్క్ మీద నీరు పట్టడానికి నిమిషాలు చాలు. నీటిలో మునిగిన డిస్క్‌ను కూడా ఎండబెట్టి ఆన్ చేయకుండా, తడిగానే కవరులో మూసి ల్యాబ్‌కు పంపాలి.

ఏ శబ్దమూ లేకపోతే మొదట కేబుల్, అడాప్టర్ మార్చి చూడాలి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టడం కొత్తేమీ కాదు. కాలిన వాసన వస్తే సర్క్యూట్ బోర్డు పోయి ఉంటుంది. అదే మోడల్ బోర్డు తెచ్చి బిగించినంత మాత్రాన చాలా డిస్క్‌లు పనిచేయవు. ఆ డిస్క్‌కే చెందిన సర్దుబాట్లున్న రోమ్ (ROM) చిప్‌ను, అంటే చదవడానికి మాత్రమే ఉండే చిన్న చిప్‌ను, పాత బోర్డు నుంచి తీసి కొత్తదానికి అతికించాలి. అది అనుభవజ్ఞుల పని. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ముందు నకలు తీస్తారా, డేటా రాకపోతే రుసుము ఎంత, డిస్క్ తిరిగి ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి.

ఫైళ్లు చేతికొచ్చాక పేరు, సైజు చూసి తృప్తి పడకుండా, ముఖ్యమైన ప్రతిదాన్నీ తెరిచి చూడాలి. సైజు సరిగ్గా ఉండి లోపల అంతా సున్నాలే ఉన్న ఫొటోలను నేను చూశాను. ఆ పరిశీలన పూర్తయ్యేవరకు పాత డిస్క్‌ను మళ్లీ వాడకుండా పక్కన పెట్టి ఉంచాలి.