పిల్లాడు చదవలేకపోతుంటే "ఇంకో ఏడాది చూద్దాం" అనకండి

మూడో తరగతికొచ్చినా "అమ్మ"ని "అమ" అని చదవడం, ప, వ దగ్గర తడబడటం, గుణింతం గడగడా అప్పజెప్పి అదే అక్షరం పదంలో కనిపిస్తే ఆగిపోవడం, నోటితో అడిగితే పాఠమంతా చెప్పి పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి రావడం... నెలల తరబడి ఇలాగే ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు, డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య అయ్యుండొచ్చు. ముందు కళ్లు, చెవులు చూపించండి. రంగు అద్దాలతో నయం చేస్తామనేవాళ్లకి మాత్రం డబ్బు కట్టకండి, చిక్కంతా ముఖ్యంగా శబ్దాన్ని అక్షరంతో జత చేసుకోవడంలో ఉంటుంది.

మన స్కూళ్లలో సైకాలజిస్టు ఉండటం అరుదు. కాబట్టి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని వెతుక్కోండి, వెళ్లేటప్పుడు తెలుగు, ఇంగ్లిష్ నోట్‌బుక్కులు రెండూ పట్టుకెళ్లండి. ప్రభుత్వ స్కూలైతే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌ని కూడా కలవండి.

రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. రోజూ ఓ పావుగంట చాలు. మొదట పుస్తకం లేకుండా: "కమల"లో "క" తీసేస్తే ఏం మిగిలింది? "మల". ఇది తేలిగ్గా వచ్చాక ఒక్క దీర్ఘం మాత్రమే తీసుకుని కల, కాల, మల, మాల అని చదివించండి, అది కుదిరాకే గుడి. ఒత్తులు చివర్లో, "అక" "అక్క" పక్కపక్కన పెట్టి పలికిస్తూ రాయించండి. తర్వాత ఒక చిన్న పేరా ఇద్దరూ కలిసి పైకి చదవండి, తడబడితే ఆ పదం మీరే చెప్పేసి ముందుకెళ్లండి, మర్నాడు మళ్లీ అదే పేరా. ఇంపోజిషన్ల వల్ల ఒరిగేదేమీ లేదు, పిల్లలు బొమ్మ గీసినట్టు దించేస్తారు, చదవడం రాదు.

టీచర్‌తో ఒక్క మాట గట్టిగా చెప్పండి, క్లాసులో నిలబెట్టి పైకి చదివించొద్దని, వీలైనచోట జవాబులు నోటితో అడగమని.

ఇక పరీక్షలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ సమస్య కూడా ఉంది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి అందులోనే రాశారు. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకి గంట ఎక్కువిస్తారు. దీనికి ప్రైవేటు రిపోర్టు సరిపోతుందనుకోకండి, ప్రభుత్వ ఆస్పత్రి సర్టిఫికెట్ తీసుకోండి. ఆ తిరుగుడు తొమ్మిదో తరగతిలోనే మొదలెడితే పదిలో టెన్షన్ ఉండదు. స్కూలుకి అడిగేదేదైనా ఉత్తరం రాసివ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి.