యాప్‌ను విప్పి చూసే ముందు

ఆండ్రాయిడ్ యాప్‌లో భద్రతా లోపాలు వెతకడానికి దాని కోడ్‌ను విప్పి చూస్తున్నారా? ముందు అనుమతి. యాప్ మీది కాకపోతే యజమాని నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఏ వెర్షన్, ఏ సర్వర్ల వరకు పరీక్షించవచ్చో అందులో స్పష్టంగా ఉండాలి.

రోజూ వాడే ఫోనులో ఈ పని వద్దే వద్దు. కంప్యూటర్‌లో ఫోనులా నడిచే ఎమ్యులేటర్‌లోనో, సిమ్ తీసేసిన పాత ఫోనులోనో, మీ సొంత ఖాతాలేవీ లేకుండా నడపండి.

ఏపీకే (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఎస్‌హెచ్‌ఏ-256 విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, రాసిపెట్టుకోండి. రేపు యాప్ మారినా, మీరు చూసింది ఏ ఫైలో తేల్చేది అదే.

యాప్‌లో లోపాలు వెతికే మాబ్‌ఎస్‌ఎఫ్ టూల్‌ను మీ కంప్యూటర్‌లోనే నడపండి. బయటి స్కానర్‌కు ఎక్కించిన ఫైలు ఇక మీ చేతిలో ఉండదు.

నడుస్తున్న యాప్ లోపలికి వెళ్లి దాని పనితీరు చూపే ఫ్రిడా టూల్ వాడితే కంప్యూటర్‌లోనూ ఫోనులోనూ ఒకే వెర్షన్ ఉందా?

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది నివేదికను గుడ్డిగా నమ్మడం. ‘కోడ్‌లో రహస్యం దొరికింది’ అని టూల్ ఎర్రగా చూపుతుంది. ఏపీకేను మనం చదవగలిగే కోడ్‌గా మార్చే జాడెక్స్‌లో ఆ లైను తెరిచి చూస్తే, అది చాలాసార్లు లాగిన్ తెరపై కనిపించే ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అనే వాక్యమే! నిజమైన కీ (సర్వర్‌లోకి ప్రవేశమిచ్చే రహస్య సంకేతం) అయితే, అనుమతి పరిధిలో లేనిదే దాన్ని సర్వర్‌పై ప్రయోగించకండి. ఏమీ దొరకకపోయినా నిశ్చింత పనికిరాదు: కొన్ని యాప్‌లు అసలు కోడ్‌ను నడిచేటప్పుడే దించుకుంటాయి, ఫైలును మాత్రమే చదివే టూల్‌కు అది కనిపించదు.