మట్టి మీద వెన్నెల – 4వ పాఠం: కోత

పోయినసారి తల్లీబిడ్డల మట్టి ఫలకం మలిచారు కదా, ఇవాళ దాన్ని ముక్కలు చేద్దాం. బాధపడకండి, ఇటలీ శిల్పి లూకా దెల్లా రాబ్బియా కూడా ఇదే చేశాడు. ఫ్లోరెన్స్ కెథడ్రల్లో ఒక గుమ్మం పైన, నీలం మీద తెల్లగా, సమాధిలోంచి లేచిన క్రీస్తు ఉంటాడు. 1442–45 నాటి పని. రెండు మీటర్లు దాటిన ఆ అర్ధచంద్రం ఒకే దిమ్మ కాదు, విడివిడిగా కాల్చి గోడకు అమర్చిన ముక్కలు.

అంత పెద్ద దిమ్మను ఒకేసారి ఆరబెడితే అంచులు ముందు ఎండి, నడుమ పచ్చిగా ఉండి, పగులుతుంది. లోపల తడి మిగిలితే బట్టీలో ఆవిరై పటాసులా పేలుతుంది. అందుకే ముందు కోత, తర్వాత తొలవడం.

ఎప్పుడు కోయాలి? గోరుతో గీస్తే గీత పడాలి, వేలితో నొక్కితే లొత్త పడకూడదు. అదీ పదును.

ఎక్కడ కోయాలన్నదే అసలు విద్య. రాబ్బియా కుటుంబం వాళ్లు అతుకును బొమ్మ అంచు వెంటో, బట్ట మడతలోనో దాచేవాళ్లు. అక్కడ ఎలాగూ నీడ ఉంటుంది, కన్ను ఆగదు. నేను మొదటిసారి బిడ్డ ముంజేతి మీదుగా అడ్డంగా కోసేశాను. తెల్లని పూత మీద ఆ గీత నల్లగా తేలింది. చూసినవాళ్లంతా "అయ్యో, చెయ్యి విరిగిందా?" అనే!

మీ ఫలకంలో తల్లి కొంగు అంచు పట్టుకుని భుజం దాకా వెళ్లండి, మెడ దగ్గర ముసుగు మడతలోకి దిగండి. ముఖం జోలికి పోవద్దు. కత్తిని కాస్త లోపలికి వాల్చి కోస్తే ముందు అంచులు కలుస్తాయి, వెనక గార పట్టడానికి సందు మిగులుతుంది.

ఇప్పుడు ఒక్కో ముక్కనూ ఇసుక సంచి మీద బోర్లించి, వెనక నుంచి తొలవండి. తొలిచాక మిగిలిన మట్టి అంతటా వేలి మందం ఉండాలి. అనుమానం వస్తే గుండుసూది గుచ్చి చూడండి. తల దగ్గరే అందరూ మొహమాటపడతారు, అక్కడే మట్టి ఎక్కువ.

వెనక నంబర్లు గీకి, పాత పేపర్లు కప్పి, నీడన ఆరబెట్టండి. నాకైతే వానాకాలంలో మూడు వారాలు పట్టింది. ఫ్యాను మాత్రం వేయకండి.

ముక్కలు పూర్తిగా ఆరి, చెంపకు ఆనిస్తే చల్లగా తగలని రోజున 5వ పాఠం తెరవండి. మొదటి కాల్పు, ఆ తర్వాత తగరం కలిపిన పూతతో వచ్చే తెలుపు.