పెద్ద సంఖ్యను విప్పడం – 4వ పాఠం: కామా దగ్గర కోయకండి

వరంగల్ పిన్ కోడు 506002 ఏడుతో పోతుందా అని పోయిన పాఠంలో అడిగితే, చాలామంది పోదని రాశారు. పోతుంది. కారణాంకాలు లెక్కపెట్టడం ఈసారి మొదలుపెడదామనుకున్నా, అది చివరికి జరిపాను. ముందు ఈ సంగతి తేల్చాలి.

కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ రమ్మన్నాను. మీరేమో 5,06,002 అని రాసుకుని కామాల దగ్గర కోశారు. 2 − 6 + 5 = 1. ఒకటి ఏడుతో పోదు కనుక సంఖ్యా పోదట! మన కామా మొదట మూడంకెలకు, ఆ తర్వాత రెండేసి అంకెలకు పడుతుంది. చెక్కు మీద లక్షలు, కోట్లు చదువుకోవడానికి అది. ఇక్కడ దాంతో పనిలేదు, చెరిపేయండి.

మూడే ఎందుకంటే, 1001 = 7 × 11 × 13. 1000 దానికి ఒకటి తక్కువ, అంటే ఈ మూడింటి లెక్కలోనూ వెయ్యి విలువ −1. అందుకే 506 వేలు కాస్తా −506 అవుతాయి. 2 − 506 = −504. గుర్తు వదిలేయండి. ఏడు డెబ్బైరెండ్లు 504, పోయింది. 11, 13లతో 504 పోదు, 506002 కూడా పోదు. ఒక్క తీసివేతకు మూడు జవాబులు! చివరి అంకెను రెట్టింపు చేసి తీసేసే పద్ధతి కొందరు నేర్పుతారు. నాకది నచ్చదు, పెద్ద సంఖ్యకు తీసివేతలు తెమలవు.

అదే రెండంకెల దగ్గర కోస్తే మీ చేతికొచ్చేది 100. దాన్ని 7తో భాగిస్తే శేషం 2. కలిపి తీసేస్తే అది సర్దుకోదు.

ఇంకోటి చూడండి: 1,23,45,678. కామాలు చెరిపి కుడి నుంచి కోస్తే 12 | 345 | 678. 678 − 345 + 12 = 345. ఏడుతో భాగిస్తే శేషం 2, అసలు సంఖ్యకూ అంతే. ఎడమ నుంచి 123 | 456 | 78 అని కోసే అలవాటున్నవాళ్లకు ఆరంకెల్లో తప్పు బయటపడదు. ఇక్కడ దొరికిపోతారు.

కరీంనగర్ 505001 తీసుకోండి. 1 − 505, మళ్లీ −504! వరంగల్‌లోంచి కరీంనగర్‌ను తీసేస్తే సరిగ్గా 1001 మరి. పక్కనున్న హన్మకొండ 506001 మాత్రం ఈ మూడింట్లో దేనితోనూ పోదు.

506002 = 2 × 7 × 47 × 769. చివరిది ప్రధాన సంఖ్యేనని తేల్చడానికి 23 దాటి చూడక్కర్లేదు. నాలుగూ ఒక్కోసారే వచ్చాయి, ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో రెండే దారులు కనుక మొత్తం కారణాంకాలు 2 × 2 × 2 × 2 = 16.

అభ్యాసం: 505001ని పూర్తిగా విప్పండి, ఫోన్ ముట్టకుండా. 7 తీసేశాక ఇంకో రెండు ప్రధాన సంఖ్యలున్నాయి, ఒకటి నాలుగంకెలది. అది ప్రధాన సంఖ్యేనని 61 దాకా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతో భాగించి, శేషాలన్నీ రాసి చూపించాలి. ఉత్త జవాబు రాస్తే దిద్దను.