ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా? ఏడాది లెక్క వేసి తేల్చుకోవడం ఎలా

సెల్‌ఫోన్ షాపుకు పోయి ‘ఏ ప్లాన్ బాగుంటుందన్నా?’ అని అడిగితే, రోజుకు ఎన్ని జీబీలు, ఎంత ధర అన్న రెండు ముక్కలే వినపడతాయి. ఆ రెండూ పట్టుకుని ప్రీపెయిడ్‌ను, పోస్ట్‌పెయిడ్‌ను పోల్చితే లెక్క తప్పకుండా తప్పుతుంది. ప్రీపెయిడ్ ధర రోజులకు కట్టింది, పోస్ట్‌పెయిడ్ ధర నెలకు కట్టింది. మొదటిదాంట్లో పన్ను కలిసే ఉంటుంది, రెండోదాంట్లో బిల్లు వచ్చాక కలుస్తుంది. రెండింటినీ ఒకే తూకంలో వేయాలి. ఆ తూకం ఏడాది.

కావాల్సినవి: కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఫోన్‌పే లేదా గూగుల్‌పేలో పోయిన పన్నెండు నెలల రీఛార్జిల జాబితా. అంతే.

మొదటి పని: మీ వాడకం తెలుసుకోండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే నెలకు ఎన్ని జీబీలు వాడారో కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఆ లెక్క నెలనెలా సున్నా కాదు, మీరు చివరిసారి రీసెట్ చేసిన నాటి నుంచి కూడుతూ పోతుంది. ఈరోజే రీసెట్ చేసి ముప్పై రోజుల తర్వాత చూడండి. ఇంట్లో వైఫై ఉంటే అది ఇందులో కలపకూడదు, మొబైల్ డేటా ఒక్కటే చూడాలి.

రెండో పని: సిగ్నల్ చూడండి

ఇంటి లోపలి గదిలో, పని చేసే చోట, రోజూ తిరిగే దారిలో ఏ కంపెనీ సిగ్నల్ నిలుస్తుందో చూసి, దాని ప్లాన్లే లెక్కకు తీసుకోండి. ఆత్మకూరు నుంచి దోర్నాలకు నల్లమల దారిలో తరచూ తిరిగేవాళ్లు ఇది వదిలేయకూడదు. పోస్ట్‌పెయిడ్‌కు సిగ్నల్ ఎక్కువ వస్తుందన్న మాట నమ్మొద్దు. టవర్ రెండింటికీ ఒకటే.

మూడో పని: ఏడాది ఖర్చు కట్టండి

అందరూ తప్పేది ఇక్కడే. నిదానంగా చేయండి.

ప్రీపెయిడ్‌కు: ధరను రోజులతో భాగించి 365తో గుణించాలి. 28 రోజుల ప్లాన్ 349 రూపాయలు అనుకుందాం. 349ని 28తో భాగిస్తే రోజుకు 12.46. ఏడాదికి 4,549. చాలామంది 349ని పన్నెండుతో గుణించి 4,188 అని రాసుకుంటారు. 28 రోజులను నెల అనుకోవడంతో వచ్చే తప్పు ఇది. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు పడతాయి. అవి కూడా 364 రోజులకే సరిపోతాయి.

అదే డేటాతో 84 రోజుల ప్లాన్ 859 రూపాయలు అనుకుంటే రోజుకు 10.23, ఏడాదికి 3,733. అందుకే ప్రీపెయిడ్ వాడేవాళ్లు 84 రోజులదే తీసుకోవాలి. 28 రోజులది డబ్బు చేతిలో లేనప్పుడు మాత్రమే. 365 రోజులది వద్దు: మధ్యలో సిగ్నల్ పాడై వేరే కంపెనీకి మారితే మిగిలిన రోజులన్నీ పోతాయి. 84 రోజుల వల్ల ఇంకో మేలుంది. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ధరలు పెంచినప్పుడు, ముందే వేయించుకున్నవాళ్లకు గడువు తీరేదాకా పాత ధరే నడిచింది.

పోస్ట్‌పెయిడ్‌కు: నెల అద్దెకు, అంటే ప్లాన్ ధరకు, 18 శాతం జీఎస్టీ కలిపి పన్నెండుతో గుణించాలి. 449 రూపాయల ప్లాన్ అయితే పన్నుతో 529.82. ఏడాదికి 6,358. పన్ను మరిచిపోయి 449ని పన్నెండుతో గుణిస్తే 5,388 వస్తుంది, అంటే 970 రూపాయలు లెక్కలోంచి జారిపోయినట్టే. మొదటి బిల్లును చూసి కూడా తీర్పు చెప్పొద్దు. మధ్యలో చేరితే అందులో అరకొర రోజుల అద్దె, ఒక్కోసారి వచ్చే నెల అద్దె కూడా కలిసి ఉంటాయి. మూడో బిల్లు చూడండి.

ఇప్పుడు ఫోన్‌పే జాబితాలో మధ్యమధ్యలో వేయించిన డేటా బూస్టర్లన్నీ, అంటే కోటా అయిపోయాక విడిగా కొన్న అదనపు డేటా ప్యాకులన్నీ, కూడండి. ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. పై లెక్కలో 84 రోజుల ప్రీపెయిడ్‌కు, పోస్ట్‌పెయిడ్‌కు తేడా 2,625 రూపాయలు. మీ బూస్టర్లు ఏడాదికి అంతకు మించితేనే పోస్ట్‌పెయిడ్ గిట్టుబాటు. దానికి లోపలైతే ప్రీపెయిడ్‌లోనే ఉండండి.

బూస్టర్లు ఎందుకు పడతాయో కూడా చూడాలి. ప్రీపెయిడ్‌లో ఎక్కువ ప్లాన్లకు రోజుకింత అని కోటా ఉంటుంది. వాడనిది అర్ధరాత్రి పన్నెండుకు పోతుంది. దాటితే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, వీడియో సంగతి అటుంచి మామూలు పేజీ తెరవడమే కష్టం. రోజూ ఒకే తీరుగా వాడేవాళ్లకు కోటా సరిపోతుంది. ఆదివారం మూడు జీబీలు, సోమవారం పావు జీబీ వాడేవాళ్లకు, లైవ్ క్లాసులు వినే పిల్లలకు నెల మొత్తానికి ఒకే మూటగా ఇచ్చే పోస్ట్‌పెయిడ్ డేటా నప్పుతుంది. జీబీకి ఎంత పడిందని చూసే పద్ధతి ఇందుకే పనికిరాదు: 1.5ను 28తో గుణించి 42 జీబీలు అంటారు, అందులో సగం వాడకుండానే పోయి ఉండొచ్చు. మీరు వాడని జీబీ ఎంత చవకైతే ఏం లాభం?

ప్లాన్‌తో వచ్చే ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ విలువను, మీరు ఇప్పటికే దానికి విడిగా డబ్బు కడుతుంటేనే ఆ ప్లాన్ ఏడాది ఖర్చులోంచి తీసివేయండి. లేకపోతే సున్నా.

ఇంట్లో నలుగురికి కలిపి పోస్ట్‌పెయిడ్ తీసుకుంటే లెక్క మారుతుంది. నలుగురికి 1,199 అద్దె అనుకుంటే పన్నుతో ఏడాదికి 16,978, మనిషికి 4,244. 28 రోజుల ప్రీపెయిడ్ కన్నా తక్కువ, 84 రోజులదాని కన్నా ఎక్కువ. బిల్లు ఒక్కరి పేరు మీద ఉంటుంది, కట్టడం తప్పితే నాలుగు నంబర్లూ ఆగుతాయి. ఆదోనిలో పత్తి వ్యాపారమో, ప్రొద్దుటూరులో బట్టల షాపో నడుపుతూ జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు వ్యాపార నంబరుకు పోస్ట్‌పెయిడ్ తీసుకుని బిల్లులో జీఎస్టీ నంబరు వేయించుకుంటే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. జీఎస్టీ కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు రాదు.

కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లకు డేటా ప్లాన్ వేయించడం డబ్బు పారేయడమే. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు ఇవ్వాలి, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. యాప్‌లో ఇవి అడుగున ఉంటాయి, వెతకండి. కువైట్‌కు వెళ్లిన కడప, రాజంపేట వైపు వాళ్ల నంబర్లకూ ఇవే సరి. నంబరు బతికి ఉండటం వేరు, బ్యాంకు ఓటీపీ రావడం వేరు. ప్లాన్ గడువు తీరాక ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. విమానం ఎక్కకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి.

నాలుగో పని: మారండి

అదే కంపెనీలో ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కు యాప్‌లోనే ఓటీపీతో మారొచ్చు. వేరే కంపెనీకైతే ఇంగ్లిష్‌లో PORT అని టైపు చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కు ఎస్సెమ్మెస్ పంపండి. వచ్చిన కోడ్ నాలుగు రోజులు పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు, సిమ్ మార్చుకుని ఏడు రోజులైనా కావాలి. వీటిలో ఏది తప్పినా కోడ్ రాదు. ఆంధ్ర, తెలంగాణ టెలికాంలో ఒకే సర్కిల్ కాబట్టి హైదరాబాద్ సిమ్‌కు కూడా మూడు పనిదినాలే. బెంగళూరులో తీసుకున్న కర్ణాటక సిమ్‌కు ఐదు. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్, రోజులు కొత్త కంపెనీకి రావు, కాబట్టి గడువు చివరి వారంలోనే పోర్ట్ పెట్టండి. మారే సమయంలో కొన్ని గంటలు సిమ్ పనిచేయదు, ఆ రోజు బ్యాంకు పనులు పెట్టుకోకండి.