బండి దిగకుండా పని పూర్తి కావాలంటే: బాంబ్ స్క్వాడ్ ఆపరేటర్ల సమస్యలు - పరిష్కారాలు

మా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు "బాంబు దొరికింది" అని ఫోన్ వస్తే అది చాలాసార్లు టీవీలో చూపించే టైమర్ బాంబు కాదు. పాడుబడ్డ బావి ఒడ్డున కవర్లో చుట్టిన జిలెటిన్ స్టిక్స్, క్వారీ పక్కన పారేసిన డిటొనేటర్లు, అడవి పందుల కోసం ఎవరో పెట్టి మరిచిపోయిన నాటుబాంబు. కాదంటే బస్టాండులో వదిలేసిన బ్యాగు. విప్పితే లుంగీ, టిఫిన్ డబ్బా. అలాగని తేలిగ్గా తీసుకునే ప్రాంతమూ కాదు ఇది. 1993లో కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మందుపాతర పేలి అప్పటి జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు చనిపోయారు. ఆ రోజులు చూసినవాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి నేను.

ఇప్పుడు పద్ధతి మారింది. ఆపరేటర్ ఇనుప రేకులు బిగించిన బండిలో కూర్చుని, స్క్రీన్ చూస్తూ, రోబోను పంపి పని చేయిస్తాడు. కూర్చున్నంతసేపు బాగానే ఉంటుంది. ఈలోగా వైరు ఊడుతుంది, కెమెరాకు బురద అంటుతుంది, లోపల ఉక్కపోస్తుంది. చిన్న పనే కదా అని తలుపు తీస్తాడు. నాకు గుండె ఆగినంత పనైన సందర్భాలన్నీ ఆ తలుపు తీసినప్పుడు మొదలైనవే. అందుకే కింద రాసిన ప్రతి సమస్యకూ ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది మనిషిని బండి దించుతోందా? వస్తువును నిర్వీర్యం చేసే పద్ధతుల జోలికి మాత్రం పోను. అది ట్రైనింగ్‌లో నేర్చుకునేది.

స్క్రీన్ మీద బొమ్మ ఆగిపోతోంది

రోబో కొంత దూరం పోగానే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. జాయ్‌స్టిక్ కదిపిన రెండు సెకన్లకు గానీ చక్రం కదలదు. తర్వాత అదీ ఉండదు.

మొదట అనుమానించాల్సింది మన జామర్‌నే. రిమోట్‌తో పేల్చే సిగ్నల్‌ను అడ్డుకోవడానికి పెట్టిన జామర్‌కు మంచి సిగ్నల్, చెడ్డ సిగ్నల్ అనే తేడా తెలియదు. మన రోబో సిగ్నల్‌నూ నొక్కేస్తుంది. జామర్ లేకపోతే అడ్డం ఏముందో చూడాలి. మా దగ్గర గుట్టలకు, బండరాళ్లకు కొదవ లేదు. రోబో ఒక పెద్ద బండ వెనక్కి తిరిగిందంటే యాంటెన్నాకు అది కనపడనట్టే.

పరిష్కారం కేబుల్. రోబో వెనక చుట్ట నుంచి విప్పుకుంటూ పోయే కేబుల్ ఉంటే జామర్ ఉన్నా, బండ అడ్డమొచ్చినా బొమ్మ పోదు. బరువని, చుట్టడం విసుగని చాలామంది దాన్ని షెడ్డులోనే వదిలేసి వస్తారు. తప్పు. యాంటెన్నాను బండి టాప్ కన్నా ఎత్తులో నిలబెట్టే కడ్డీ కూడా వెంట ఉండాలి. జామర్ ఆపాలా వద్దా అన్నది టీం లీడర్ నిర్ణయం. ఆపరేటర్ విసుగొచ్చి తనంతట తాను ఆపేది కాదు. వారానికోసారి పరేడ్ గ్రౌండులో జామర్ వేసి ఉంచి రోబోను నడిపి చూడండి. గొడవ అక్కడే బయటపడితే మంచిది.

రోబో ఇరుక్కుపోయింది

ఒక ఎండాకాలం హాలియా వైపు ఒక బత్తాయి తోటలో, చెట్టు మొదట్లో సంచి ఉందని పిలిచారు. రోబోను వరుసల మధ్య నుంచి పంపాం. దారిలో డ్రిప్ పైపు ఉంది. నల్ల పైపు, నీడలో నల్ల నేల, కెమెరాలో రెండూ ఒకటే రంగు. రోబో బెల్టు దాని మీదికెక్కింది, పైపు లేచి బెల్టులో చుట్టుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. సంచికి, రోబోకు మధ్య నాలుగు మీటర్లుంటుందేమో.

మా డ్రైవర్ కుర్రాడు అప్పటికే తలుపు సగం తీశాడు. "అన్నా, కొడవలితోటి ఒక్క కోత కోసి వస్త. రెండు నిమిషాలు." వాడి భుజం పట్టుకుని లోపలికి లాగాను. రెండు నిమిషాలు మాట నిజమే. ఆ రెండు నిమిషాలూ సంచి పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి కదా.

కారణం డ్రిప్ పైపు కాదు. రోబోను వెనక్కి లాగే ఏర్పాటు లేకుండా పంపడం. ఆ రోజు నుంచి మా రోబో వెనక కొక్కేనికి నైలాన్ తాడు కట్టకుండా ఒక్క అడుగు కదలనివ్వలేదు. తాడు రెండో కొస బండి వెనకున్న వించ్‌కు, అంటే తాడును చుట్టి లాగే యంత్రానికి. ఇరుక్కుంటే బండిలో నుంచే లాగొచ్చు. పైపు తెగితే తెగుతుంది, రైతుకు కొత్త పైపు కొనివ్వొచ్చు. వాన పడ్డాక చెల్క నేలలో కూడా ఇదే తాడు దిక్కు, ఎర్రమట్టి బెల్టుకు ముద్దలుగా పట్టేస్తుంది. లాగేముందు రోబో చేతిలో ఏమీ పట్టుకుని లేదని స్క్రీన్ మీద చూసుకోవాలి.

ఆ సంచిలో ఎరువు మందు ఉందట. తర్వాత తెలిసింది.

ఆపరేటర్ మాటిమాటికీ తలుపు తీస్తున్నాడు

ఇది అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, ఎవరూ రిపోర్టులో రాయనిది. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలు. ఇనుప రేకులు బిగించిన బండి ఆ ఎండలో గంట నిలబడితే లోపల పొయ్యే. స్క్రీన్లు, కంట్రోల్ బాక్సు, ఇన్వర్టర్ వేడి దానికి తోడు. ఏసీ వేస్తే ఇంజిన్ ఐడిల్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు పోతుంది, డ్రైవర్ ఆపేస్తాడు. పది నిమిషాలకు ఆపరేటర్ చెమట జాయ్‌స్టిక్ మీద కారుతుంది. "కొంచెం గాలి" అని తలుపు ఒక జానెడు తెరుస్తాడు, ఒక కాలు బయట పెడతాడు. లక్షల రూపాయల కవచం ఆ జానెడు సందుతో పోయినట్టే. పేలుడు ఒత్తిడి లోపలికి రావడానికి అంత సందు చాలు.

మనిషిని తిట్టి లాభం లేదు. బండిని సరిచేయాలి. క్యాబిన్ ఏసీ ఇంజిన్ మీద కాకుండా విడిగా నడిచేలా చిన్న జనరేటర్ పెట్టించాలి, దాన్ని బండికి అవతలి వైపు ఉంచాలి. రేడియేటర్ మూతి దుమ్ముతో మూసుకుపోయిందేమో వారంవారం చూడాలి. ఎండాకాలం సగం వేడి సమస్యలు అక్కడే తీరతాయి. అద్దాలకు లోపలి వైపు నల్ల తెర వేస్తే స్క్రీన్ మీద ఎండ మెరుపు కూడా తగ్గుతుంది. వెలుతురుకు బొమ్మ కనపడక స్క్రీన్‌ను ఒళ్లో పెట్టుకుని బయట చెట్టు కింద కూర్చున్నవాళ్లను చూశాను నేను.

అరగంటకోసారి ఆపరేటర్ మారాలి. రెండో ఆపరేటర్ లేని టీం, టీం కాదు. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ లోపలే ఉండాలి. మూత్రానికి ఖాళీ సీసా కూడా. నవ్వకండి, తలుపు తీయడానికి అతి పెద్ద కారణం అదే.

బండి ఎక్కడ ఆపాలో తెలియడం లేదు

ఊళ్లోకి పోగానే ఎవరో ఎదురొచ్చి "ఇక్కడిదాకా రావొచ్చు సార్" అని చెయ్యి ఊపుతారు. డ్రైవర్ అక్కడిదాకా పోతాడు. బండి ఎక్కడ ఆగాలో ఆ చెయ్యి నిర్ణయించేస్తుంది.

అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ల పట్టిక ఒకటి అందరూ వాడతారు. బ్రీఫ్‌కేసులో పట్టేంత, అంటే 23 కిలోల పేలుడు మందు ఉందనుకుంటే భవనం లోపలున్నవాళ్లను 46 మీటర్లకు మించి ఖాళీ చేయించాలి, ఆరుబయట ఏ అడ్డూ లేనివాళ్లు 564 మీటర్ల అవతల ఉండాలి. రెండు అంకెల మధ్య అంత తేడా ఎందుకంటే, గాలి దెబ్బ తొందరగా తగ్గిపోతుంది. ముక్కలు, మేకులు, రాళ్లు తగ్గవు, ఎగిరి చాలా దూరం పోతాయి. డీఆర్‌డీఓ తయారుచేసిన దక్ష్ రోబోను దాదాపు 500 మీటర్ల నుంచి నడపొచ్చు. అంటే రోబో పూర్తి దూరంలో ఉన్నా మనం ఆరుబయట లెక్కకు లోపలే ఉన్నాం. కాబట్టి దూరం ఒక్కటే సరిపోదు, అడ్డం కూడా కావాలి. మట్టి కట్ట, చెరువు కట్ట, గుట్ట మూల, ఏది దొరికితే అది. చెరువు కట్ట వెనక ఆగితే ఇంకేమీ కోరుకోను.

ఇంకో లెక్క గుర్తుంచుకుంటే చాలు: మందు ఎనిమిది రెట్లయితే, అంతే దెబ్బ రెండింతల దూరం దాకా వస్తుంది. బ్యాగు అనుకుని వెళ్లి అక్కడ ఆటో నిండా ఉందని తెలిస్తే ఆలోచించకుండా బండి వెనక్కి తీయండి.

బుల్లెట్‌ప్రూఫ్ బండే కదా, ఏమవుతుంది?

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర క్లెమోర్ మందుపాతరలు పేల్చినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బుల్లెట్‌ప్రూఫ్ కారులో ఉండి గాయాలతో బయటపడ్డారు. అప్పటి నుంచి బుల్లెట్‌ప్రూఫ్ అంటే అన్నిటికీ మందు అన్న నమ్మకం పడిపోయింది. బుల్లెట్ ఒక చోట గుచ్చుతుంది. పేలుడు బండి మొత్తాన్ని ఒకేసారి తోస్తుంది, కింద నుంచి వస్తే ఎత్తి కుదేస్తుంది. మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన ఆదిత్య లాంటి, మందుపాతరను తట్టుకునే మైన్‌ప్రూఫ్ బండ్లకు అడుగు వి ఆకారంలో ఉండేది ఇందుకే, దెబ్బ రెండు పక్కలకు జారిపోవాలని. మామూలు వ్యానుకు రేకులు బిగించి తెచ్చినదానికి ఆ అడుగు ఉండదు. దాన్ని దూరం నుంచి పని చేయడానికే వాడాలి, అనుమానమున్న మట్టి రోడ్డు మీద నడపొద్దు.

రేకులు బిగించిన బండికి వచ్చే జబ్బులు రెండు. తలుపు దిగజారడం మొదటిది. బరువుకు మడతబందుల పిన్నులు అరిగి, తలుపు కింద మూల ఫ్రేముకు రాసుకుంటుంది, పైన సందు కనపడుతుంది. తలుపు మూసి సందులో కాగితం పెట్టి లాగండి. సులువుగా ఊడొస్తే పిన్నులు, రబ్బరు మార్చే టైమొచ్చినట్టు. రెండోది అద్దం. అంచుల్లో పాలలాగా తెల్లటి పొర, లోపల బుడగలు కనపడితే పొరలు విడిపోతున్నాయని అర్థం. ఎండలో నిలబెట్టే బండ్లకు ఇది తొందరగా వస్తుంది. తుడిస్తే పోదు, సన్‌ఫిల్మ్ వేసి దాచొద్దు. అద్దం మార్చాల్సిందే. మార్చేదాకా ఆపరేటర్ సీటు ఆ అద్దం పక్కన ఉండకూడదు.

లోపల కట్టకుండా ఉన్నవన్నీ దెబ్బకు ఎగిరి మనకే తగులుతాయి. జాకీ, స్పానర్లు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, అన్నిటికీ బెల్టు వేయాలి. మా బండి డ్యాష్‌బోర్డు మీద అరకిలో ఇత్తడి వినాయకుడు ఉండేవాడు. తీయనివ్వడానికి డ్రైవర్ వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి అదే చోట స్టిక్కర్ అంటించాం.

డిటొనేటర్లు ఉన్నాయన్నారు, వైర్‌లెస్ సెట్ మోగుతోంది

మా దగ్గర నిజంగా దొరికేవి ఇవే కాబట్టి చెబుతున్నాను. కరెంటుతో పేలే డిటొనేటర్లకు వైర్లే యాంటెన్నాలు. దగ్గర్లో వైర్‌లెస్ సెట్ నొక్కితే ఆ తరంగాలకు వైర్లలో కరెంటు పుట్టొచ్చు. కేంద్రం వీటిని 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. అయినా పాత సరుకు బావుల దగ్గర, గడ్డివాముల కింద ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది.

స్పాట్‌కు చేరేముందే కంట్రోల్ రూంకు చెప్పి బండి సెట్, చేతి సెట్లు ఆపేయాలి. ఫోన్లు కూడా. మాట్లాడాలంటే బాగా వెనకున్న రెండో బండి నుంచి. స్టీరింగ్ మీద "మైక్ ముట్టొద్దు" అని ఎర్ర ట్యాగు తగిలించండి. అలవాటైన చెయ్యి మాట వినదు, ట్యాగును చూస్తే ఆగుతుంది.

దిగక తప్పలేదు

రోబో పూర్తిగా చేతులెత్తేసింది, ఇక మనిషే పోవాలి. ఒంటికి వేసుకునే బాంబ్ సూట్ ముప్పై కిలోలకు పైనే ఉంటుంది, దాన్ని బండి లోపల ఇరుకులో వేసుకోవడం మొదలుపెడితే కాలర్ సరిగ్గా కూర్చోదు, సగంలో వదిలేస్తారు. బండి వెనక, అడ్డం ఉన్న వైపు వేసుకోవాలి, వేయడానికి ఇంకొకరు ఉండాలి. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడుతోందంటే ఫ్యాన్ బ్యాటరీ అయిపోయినట్టే. ముందురోజు రాత్రే చార్జ్ పెట్టాలి. అంతకన్నా చెప్పను.

పని అయిపోయింది, బండి స్టార్ట్ కావడం లేదు

స్క్రీన్లు, లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఇంజిన్ బ్యాటరీ మీదే మూడు గంటలు నడిచాయి. తాళం తిప్పితే టిక్ మంటుంది, అంతే. ఉన్నట్టుండి వెనక్కి పోవాల్సిన అవసరం వస్తే ఇది ఏ లోపానికన్నా ఘోరం. పరికరాలకు వేరే బ్యాటరీ, మధ్యలో రెండు బ్యాటరీలనూ విడదీసే ఐసొలేటర్ స్విచ్ పెట్టించాలి. బండి ముక్కు ఎప్పుడూ వచ్చిన దారి వైపే తిప్పి ఆపాలి.

మాకు రెండో బ్యాటరీ సాంక్షన్ కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఏ కాల్‌కు పోయినా ముందు వాలు ఎక్కడుందో వెతికి, బండిని దాని మీదే ఆపించేవాణ్ణి.